నాన్న అంబాసిడర్‌కి కార్బొరేటర్ వేట

జూన్ 8, 2025, ఆదివారం

బడులు తెరిచేలోపు ఈ పని మొదలుపెట్టకపోతే ఇంకో ఏడాది పోతుందని ఇవాళ పొద్దున్నే షెడ్డులో బండి మీద కవరు తీశాను. 1978 అంబాసిడర్, మార్క్ 3, పెట్రోలు. నాన్న 1986లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఇంజను 1489 సీసీ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌తో పాటు ఇంగ్లండు నుంచి వచ్చిన బీఎంసీ బి-సిరీస్ అన్నమాట.

రోగం పాతదే. స్టార్ట్ అవుతుంది, కానీ ఐడిల్‌లో, అంటే ఎక్సిలేటర్ తొక్కకుండా ఉంచితే, నిలబడదు. చోక్ (చల్లటి ఇంజనుకి పెట్రోలు పాలు పెంచే మీట) సగం లాగి ఉంచితే దడదడలాడుతూ ఉంటుంది. మూడో గేరులో ఎక్సిలేటర్ తొక్కితే ఒక దగ్గు దగ్గి, ఆలోచించుకుని, తర్వాత కదులుతుంది. తెనాలి నుంచి విజయవాడ వెళ్లొస్తే లీటరుకి ఏడున్నర కిలోమీటర్లు ఇచ్చింది. లీనుగా ఉన్న, అంటే గాలికి తగినంత పెట్రోలు అందని బండి దగ్గుతుంది సరే, పెట్రోలు కూడా ఎందుకు తాగుతోందో అర్థం కాలేదు. చోక్ సగం లాగి నడిపేవాడికి ఇంకేం వస్తుంది అని మధ్యాహ్నానికి గానీ తట్టలేదు.

దీని మీద ఉన్న కార్బొరేటర్, అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకి అందించేది, సోలెక్స్, పైనుంచి కిందికి గాలి పీల్చే రకం. నాన్న కొన్నప్పుడూ అదే. విప్పి కిరోసిన్‌లో వేశాను. మెయిన్ జెట్ (పెట్రోలు కొలిచి వదిలే సన్నటి కన్నమున్న ముక్క) తీసి వెలుతురుకి పట్టి చూస్తే కన్నం గుండ్రంగా లేదు, చంద్రవంకలా ఉంది. పిన్నుతో కదిపితే లోపల్నుంచి సన్నటి రాగి పోగు ఒకటి బయటికొచ్చింది. ఎప్పుడో ఏ మెకానిక్కో 'మైలేజీ సెట్టింగ్' చేశాడన్నమాట. వైరు తొక్క ఒలిచి ఒక పోగు జెట్‌లో దూర్చి, చివర మడిచేశాడు.

నేను లెక్కల మాస్టారిని కాబట్టి చూసి ఊరుకోలేను. జెట్ మీద 120 అని ఉంది, అంటే కన్నం 1.20 మిల్లీమీటర్లు. పోగు 0.3 మిల్లీమీటర్లు. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి పోగు మూసింది పదహారో వంతు. ఆరు శాతం పెట్రోలు తగ్గించి, ఆ లోటు పూడ్చడానికి మాతో ఇన్నేళ్లూ చోక్ లాగించాడు.

జూన్ 15

కార్బొరేటర్‌ని తిట్టే ముందు మిగతావన్నీ చూడాలని ఈ ఆదివారం దానికే ఇచ్చాను. స్పార్కు పాయింట్ల మధ్య గ్యాప్ 15 థౌ పెట్టాను, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. వాల్వుల టాపెట్ల సందు ఇంజను వేడి మీద 15 థౌ. రెండోదీ మూడోదీ బిగుసుకుపోయి ఉన్నాయి, సరిచేశాను. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ 115 నుంచి 122 మధ్య ఉంది. ఈ వయసుకి బంగారం.

ఇంజను పీల్పు కొలిచే వాక్యూమ్ గేజ్‌ని మానిఫోల్డ్‌కి (కార్బొరేటర్ నుంచి ఇంజనుకి గాలి తీసుకెళ్లే గొట్టానికి) తగిలిస్తే 14 అంగుళాల దగ్గర ముల్లు వణుకుతోంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో 18, 20 మధ్య నిలకడగా ఉండాలి. త్రాటిల్ షాఫ్ట్ (ఎక్సిలేటర్ తొక్కితే తిరిగి గాలి దారి తెరిచే ఇరుసు) చివర కాస్త స్ప్రే కొట్టగానే ఇంజను చప్పుడు మారిపోయింది. షాఫ్ట్‌ని వేళ్లతో పట్టుకుని ఊపితే ఊగిసలాడుతోంది. ఆ సందులోంచి దొంగగాలి పోతోంది. ఐడిల్ నిలబడకపోవడానికి అసలు కారణం అదే, రాగి పోగు రెండోది.

జూన్ 22

విజయవాడ ఆటోనగర్. అంబాసిడర్ల కాలం నుంచీ ఉన్న ఒక పెద్దాయన షెడ్డుకి సోలెక్స్‌ని సంచిలో వేసుకుని వెళ్లాను. అందరూ ఆయన్ని భాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే. ఆయన షాఫ్ట్‌ని ఒక్కసారి కదిపి, "బుష్ వేయొచ్చు మాస్టారూ, కానీ పైమూత కూడా వంగిపోయింది, ప్యాకింగ్ ఎన్నిసార్లు మార్చినా పీలుస్తూనే ఉంటది" అన్నాడు.

ఇక టీ కొట్టు దగ్గర సలహాల వాన. అక్కడ నిలబడ్డ ఆరుగురిలో నలుగురు చెప్పింది ఒకటే: "మారుతీ 800 కార్బొరేటర్ ఎక్కించండి సార్, చవక, మైలేజీ." ఒకాయన గ్యాస్ కిట్ అన్నాడు. ఇంకో కుర్రాడు ఫోన్ తీసి వెబర్ 32/36 అనే కార్బొరేటర్ ఫొటో చూపించాడు.

మారుతీ సంగతి బస్సులో వస్తూ టికెట్ వెనకాల లెక్కేశాను. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకి ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది, నిండుగా కాకుండా ఎనభై శాతం అనుకుందాం. మారుతీ 796 సీసీ, 5500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 1750 లీటర్లు. మా అంబాసిడర్ 1489 సీసీ, 4200 దగ్గర 2500 లీటర్లు. అదే 3000 దగ్గరే 1790 లీటర్లు. అంటే మారుతీ ప్రాణం పోయేలా పరిగెత్తినప్పుడు అడిగే గాలిని మా బండి 3000 దగ్గరే అడుగుతుంది. ఆ కార్బొరేటర్ పెడితే ఊళ్లో బాగానే తిరుగుతుంది, మైలేజీ కూడా వస్తుంది, ఎందుకంటే ఎక్సిలేటర్ ఎంత తొక్కినా అంతకుమించి వెళ్లదు. గొంతు నొక్కితే ఎవరైనా తక్కువే తింటారు. మా బావగారు అలాంటి బండితోనే అన్నవరం కొండెక్కలేక రెండో గేరులో ఏడ్చారు.

జూన్ 29

హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది జీపు కోసం కొని వాడకుండా వదిలేసిన వెబర్ 32/36 నకలు ఒకటి పార్సిల్ చేశాడు. "వెయ్యి బావా, పోయేదేముంది" అన్నాడు. ఆదివారం పోయింది.

నిజానికి ఈ రకం తెలివైనదే. రెండు గొంతులు, ఒకదాని వెంచురీ (గాలి వేగం పెంచే ఇరుకు భాగం) 26 మిల్లీమీటర్లు, రెండోదానిది 27. మామూలుగా నడిపేటప్పుడు మొదటిది ఒక్కటే తెరుచుకుంటుంది, గట్టిగా తొక్కితే రెండోది కలుస్తుంది. గొడవంతా కింద ఉంది. సోలెక్స్ మానిఫోల్డ్ నోరు ఒకటే, గుండ్రంగా చిన్నది. దాని మీద రెండు గొంతులు కూర్చోబెట్టాలంటే మధ్యలో అల్యూమినియం దిమ్మె అడాప్టర్ పెట్టాలి. రెండో గొంతులోంచి దిగే గాలి నేరుగా ఆ దిమ్మె అంచుకి కొట్టుకుంటుంది. గాలైతే మలుపు తిరుగుతుంది. దాంతో వచ్చే పెట్రోలు తుంపరలు తిరగలేవు, అక్కడే గుంటకట్టి కూర్చుంటాయి. పైగా లోపలి జెట్లు రెండు లీటర్ల ఇంజనుకి సరిపోయేవి. నల్లపొగ, ప్లగ్గుల మీద మసి, పెరడంతా కంపు. మా ఆవిడ ఆరేసిన బట్టలన్నీ మళ్లీ ఉతకాల్సి వచ్చింది. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

మానిఫోల్డ్ కూడా దానికి తగ్గది దొరికి, జెట్ల పెట్టె పక్కన పెట్టుకుని కూర్చునే ఓపిక ఉన్నవాళ్లకి వెబర్ మంచి ఎంపికే. నాకు రెండూ లేవు.

జులై 13

పోయిన వారమంతా ఒకటే ఆలోచన. సోలెక్స్‌నే బాగుచేసుకుంటే సరిపోదా? చాలామందికి సరిపోతుంది, నన్నడిగితే ముందు అదే చెప్తాను. కానీ ఆటోనగర్‌లో నాకు దొరికిన ఐదు జెట్లలో నాలుగు ఎవరో టంకం వేసి మళ్లీ కన్నం పొడిచినవే. పైన 115 అని ఉంటుంది, లోపల ఎంతుందో దేవుడికెరుక. అంకె అబద్ధం చెప్పే చోట లెక్క ఎలా చేస్తాం?

అందుకని ఎస్.యూ. అనే ఇంకో రకం కార్బొరేటర్ వైపు తిరిగాను. ఈ ఇంజను పుట్టినింట్లో వాడిందీ అదే. దాన్ని చేసింది స్కిన్నర్ అన్నదమ్ములు, ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం వాళ్లు. వాళ్లు మొదట చేసిన కార్బొరేటర్‌లో పిస్టన్ బదులు కొలిమి తిత్తిలాంటి తోలు తిత్తి ఉండేది. ఇంట్లో తోలుకి కరువు లేదు మరి. 1926లో మోరిస్ ఆ కంపెనీని కొనేశాడు. ఆ దారిలోనే అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కీ, అక్కణ్ణుంచి బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్లకీ వచ్చింది. ఇప్పటికీ ఇంగ్లండులో సాలిస్‌బరీలోని బర్లెన్ కంపెనీ వాటి సూదులు, జెట్లు, రబ్బర్లు కొత్తగా తయారుచేస్తోంది. ప్రతి సూదికీ కొలతల పట్టిక ఉంది. నన్ను పడేసింది ఆ పట్టికే.

ఇది పనిచేసే తీరే వేరు. సోలెక్స్‌లో, వెబర్‌లో గాలి పోయే సందు ఎంతుండాలో మనమే ముందు నిర్ణయించి పెట్టాలి. చిన్నదైతే పైన ఊపిరాడదు, పెద్దదైతే కింద గాలి వేగం చాలక పెట్రోలు సరిగ్గా పైకి రాదు. ఎస్.యూ.లో ఆ సందు తనంతట తానే మారుతుంది. బోర్లించిన గిన్నెలాంటి మూత కింద ఒక పిస్టన్ ఉంటుంది. ఇంజను ఎక్కువ పీల్చేకొద్దీ అది పైకి లేస్తుంది. పిస్టన్‌కి వేలాడే సన్నటి ఏటవాలు సూది కింద జెట్‌లో దిగి ఉంటుంది. పిస్టన్ లేచేకొద్దీ సూది పైకొచ్చి పెట్రోలు దారి పెరుగుతుంది. ఉన్నది ఒకటే జెట్, ఒకటే సూది. ఐడిల్‌కి ఒక జెట్, పరుగుకి ఒక జెట్ అనే బాధ లేదు. చోక్ పలక కూడా లేదు, చోక్ లాగితే జెట్టే కిందికి జారుతుంది, అంతే.

సైజు విషయంలో మాత్రం కాసేపు ఆశ పుట్టింది. ఇదే 1489 సీసీ ఇంజనుకి ఎంజీఏ స్పోర్ట్స్ కారులో అంగుళంన్నర ఎస్.యూ.లు రెండు పెట్టి 72 హార్స్‌పవర్ తీశారు. కానీ దాని క్యామ్ వేరు, కంప్రెషన్ వేరు, తిరిగే వేగం వేరు. నాన్న కూరగాయలకి వెళ్లే బండికి అంగుళంపావుది ఒక్కటి చాలు.

జులై 20

భాయ్ షెడ్డు వెనకాల తుక్కులోంచి పాత మార్క్ 2ది మానిఫోల్డ్, మూడు అంగుళంపావు ఎస్.యూ.ల శవాలు దొరికాయి. మూడింటికీ కలిపి ఒక ధర, తూకం లెక్కన కాకుండా ముఖం లెక్కన చెప్పాడు. సగానికి తెచ్చాను.

ఇక్కడ ఒక పరీక్ష ఉంది, చేతిలో గడియారం తప్ప ఏమీ అక్కర్లేదు. పిస్టన్‌ని గిన్నెలో పెట్టి, పిస్టన్ అడుగున గాలి కన్నాలు మూసి, తలకిందులు చేసి గిన్నెని వదలాలి. అంగుళంపావు దానికి అది మూడు నుంచి ఐదు సెకన్లలో మెల్లగా జారాలి. మొదటిది సెకను కూడా పట్టలేదు, ధబ్బున పడింది. రెండోది మధ్యలో ఇరుక్కుంది. షెడ్డులో కుర్రాడు వెంటనే ఎమెరీ పేపర్ తీశాడు. భాయ్ వాడి చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, అది రుద్దితే ఇక తుక్కే. గిన్నే పిస్టనూ మొగుడూపెళ్లాల్లాంటివి, మార్చి చూడు" అన్నాడు. ఫ్యాక్టరీలో వాటిని జత చూసి కలుపుతారు, తుక్కు కొట్లలో విడిపోతాయి. మూడు గిన్నెలు, మూడు పిస్టన్లు, మొత్తం తొమ్మిది జతలు. కిరోసిన్‌తో కడిగి, తుడిచి, వరసగా వేస్తూ పోయాం. ఏడో జత నాలుగు సెకన్లు పట్టింది. భాయ్ ఇంకోసారి వేయమన్నాడు. మళ్లీ నాలుగే. మార్కరుతో రెండింటి మీదా గుర్తు పెట్టాను.

షాఫ్ట్ కన్నాలు దీనికీ అరిగాయి. బాడీ లేత్‌కి ఇచ్చాం, ఇత్తడి బుష్‌లు, కొత్త షాఫ్ట్.

ఆగస్టు 3

బిగింపు. మానిఫోల్డ్ ప్యాకింగ్, ఎక్సిలేటర్ లింకు, చోక్ కేబుల్, వీటికి రెండు సాయంత్రాలు పట్టాయి. రాయడానికేమీ లేదు, వేళ్లు కోసుకోవడం తప్ప.

సూదిని జెట్ మధ్యకి తేవడం మాత్రం నాకు బాగా నచ్చిన పని. జెట్ పట్టుకునే నట్టు వదులు చేసి, జెట్‌ని పూర్తిగా పైకి తోసి, పిస్టన్‌ని వేలితో కిందికి నొక్కి ఉంచి నట్టు బిగించాలి. తర్వాత పిస్టన్‌ని ఎత్తి వదిలితే అడుగున తగిలి 'టక్' అని గట్టిగా వినపడాలి. నాకు మొదట 'తుస్' అంది. సూది జెట్ గోడకి రాసుకుంటోందని అర్థం. మళ్లీ వదులు చేశాను, మళ్లీ నొక్కాను. అయిదోసారికి టక్. ఆ చప్పుడు కోసం ఇంకో పదిసార్లు ఊరికే ఎత్తి వదిలాను. లోపల్నుంచి నాన్న "ఏంట్రా ఆ టకటకలు" అన్నారు.

జెట్ నట్టుని పైదాకా బిగించి, పన్నెండు పలకలు, అంటే రెండు చుట్లు కిందికి తిప్పాను. పైన డ్యాంపర్‌లో, అంటే పిస్టన్ ఒక్కసారిగా లేవకుండా ఆపేదాంట్లో, 20 నంబరు ఆయిల్. రెండు తిప్పులకే స్టార్ట్ అయింది. వాక్యూమ్ 19, ముల్లు కదల్లేదు.

ఆగస్టు 10

ఐడిల్ బ్రహ్మాండం. అరవైలో నిలకడగా వెళ్తుంటే మాత్రం చిన్న చిన్న గుంజుళ్లు. చోక్ పావు అంగుళం లాగితే పోతాయి. మళ్లీ అదే కథ. నట్టు ఇంకో రెండు పలకలు దింపితే పరుగు బాగుంది, ఐడిల్‌లో పొగ. నట్టు తిప్పితే అన్ని చోట్లా రిచ్ అవుతుంది, అంటే గాలికి పెట్రోలు ఎక్కువవుతుంది, అందులోనూ ఐడిల్ దగ్గర మరీ ఎక్కువ. నాకు కావలసింది మధ్యలో మాత్రమే. అంటే సూది ఆకారం మారాలి.

ఎందుకు మారాలి? ఆ సూది 1970ల పెట్రోలు కోసం చేసింది. ఇప్పుడు బంకులో పోసేది వేరు, అందులో ఇథనాల్ కలుస్తోంది. స్కూలు ల్యాబ్ నుంచి 100 మిల్లీలీటర్ల కొలజాడీ తెచ్చాను. 90 దాకా పెట్రోలు, పైన 10 నీళ్లు. మూత పెట్టి ఊపి, అరుగు మీద నీడలో పెట్టాను. ఇథనాల్‌కి పెట్రోలు కంటే నీళ్లంటే ఇష్టం, అందులోకి దిగిపోతుంది. పావుగంటకి అడుగున గీత తేటగా కనిపించింది, 28 దగ్గర. పోసిన నీళ్లు పది, వచ్చి చేరింది పద్దెనిమిది. తొంభైలో పద్దెనిమిది, ఇరవై శాతం. పేపర్లలో చదివిన ఈ20 మా పెరట్లో గీత గీసి కూర్చుంది.

ఉట్టి పెట్రోలు ఒక పాలు కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, బరువు లెక్కన. ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే అది 13.5 దగ్గరికి పడిపోతుంది. అంటే అదే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ పెట్రోలు పోయాలి. ఇక్కడ సోలెక్స్ గుర్తొచ్చింది. రాగి పోగు ఆరు శాతం తగ్గించింది, బంకు ఎనిమిది శాతం ఎక్కువ అడుగుతోంది. ఆ బండి దగ్గక ఏం చేస్తుంది పాపం.

సూది లెక్క ఇలా. జెట్ కన్నం 90 థౌ. సూది కొలతలు ఎనిమిదో వంతు అంగుళానికొక చోట తీస్తారు. గుంజుళ్లు వచ్చే చోట నా సూది మైక్రోమీటరులో 77 థౌ చూపించింది. పెట్రోలు పోయేది కన్నానికీ సూదికీ మధ్య ఉంగరంలోంచి. 90 వర్గం 8100, 77 వర్గం 5929, తేడా 2171. దాన్ని ఎనిమిదిన్నర శాతం పెంచితే 2356. 8100లోంచి తీసేస్తే 5744, దాని వర్గమూలం 75.8. అంటే సూది అక్కడ థౌ పైచిలుకు సన్నబడాలి. తల వెంట్రుక మందంలో సగం. తొమ్మిదో తరగతి పిల్లలు వృత్త వైశాల్యం ఎందుకు మాస్టారూ అని అడుగుతుంటారు. రేపు క్లాసుకి సూది తీసుకెళ్తాను.

ఆగస్టు 17

ఇంగ్లండు నుంచి వచ్చేదాకా ఆగలేక, శవాల్లో ఉన్న పాత సూదిని డ్రిల్లింగ్ మెషీన్‌కి బిగించి 1200 నంబరు ఎమెరీతో మధ్యలో మెల్లగా పాలిష్ పట్టాను. నాలుగు సెకన్లు పట్టి కొలిస్తే అర థౌ తగ్గింది. ఇంకో నాలుగు. బాగుంది. ఇంకో నాలుగు సెకన్లలో ఫోన్ మోగింది. అటు తిరిగి "హలో" అనే లోపు 73 థౌ. సూది కాదు, నడుము సన్నబడ్డ ఇసుక గడియారం అయింది. బండికి పెట్టి చూశాను కూడా, సిగ్గులేకుండా. అరవైలో నల్లపొగ.

ఆ సాయంత్రమే పట్టిక ముందేసుకుని, ఐడిల్ దగ్గర నా సూదితో సమానంగా ఉండి, మధ్యలో థౌ, థౌన్నర సన్నగా ఉండే సూదులు రెండు ఎంచి ఆర్డర్ పెట్టాను. ఎస్.యూ. సైజు ఎంచడానికి నాకు పది నిమిషాలు పట్టింది, సూది ఎంచడానికి మూడు రాత్రులు.

ఆగస్టు 31

చవితి అయిదో రోజు, ఊళ్లో నిమజ్జనాలు. మా పిన్నిని స్టేషన్ నుంచి తీసుకొస్తూ మెయిన్ రోడ్డులో ఊరేగింపు వెనక ఇరుక్కున్నాను. ట్రాక్టరు, డీజే, రంగులు. ఇరవై నిమిషాలు నడకకంటే నెమ్మదిగా. ఇంజను ఒక్కసారి కొట్టుకుని ఆగిపోయింది. మళ్లీ తిప్పితే పలకదు. బానెట్ ఎత్తి ఫ్లోట్ గిన్నె మీద చెయ్యి పెడితే కాలింది, లోపల పెట్రోలు కుతకుత ఉడుకుతున్న చప్పుడు. డాన్సు చేస్తున్న కుర్రాళ్లు "గణపతి బప్పా" అంటూనే బండిని పక్కసందులోకి తోశారు. పిన్ని, "మీ నాన్న నడిపేటప్పుడు ఇలా ఎప్పుడూ ఆగలేదురా" అంది. ఆగింది, నేను చూశాను, కానీ అప్పుడు వాదించే పరిస్థితి కాదు.

ఈ ఇంజనుకి గాలి లోపలికి పోయే దారీ, పొగ బయటికొచ్చే దారీ ఒకే పక్క ఉంటాయి. కార్బొరేటర్ సరిగ్గా ఎగ్జాస్ట్ మీద కూర్చుంటుంది. కుంపటి మీద గిన్నె పెట్టినట్టే.

సెప్టెంబరు 7

హైలం షీటు (వేడిని పాకనివ్వని గట్టి పలక) కోసి మానిఫోల్డ్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య అర అంగుళం దిమ్మె పెట్టాను. దాని వెనక అల్యూమినియం రేకు, కొంచెం వంచి, ఎగ్జాస్ట్ వేడి పైకి తగలకుండా. పెట్రోలు పైపు కూడా బ్లాక్‌కి దూరంగా జరిపాను. ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు పైపు వేశాను. పాతది లోపల అప్పుడే జిగురు జిగురుగా ఉబ్బింది. ఎండలో అరగంట ఐడిల్‌లో వదిలాను. గిన్నె వెచ్చగా ఉంది, అంతే.

సెప్టెంబరు 14

సూదులు వచ్చాయి. అగ్గిపెట్టె కంటే చిన్న ప్యాకెట్. రెండోది పెట్టాను, థౌన్నర తేడా ఉన్నది. సూది భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉండాలి. స్కేలు అంచు పెట్టి చూసి స్క్రూ బిగించాను. మళ్లీ టక్ పరీక్ష. పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ని నూలంత ఎత్తితే ఇంజను వేగం క్షణం పెరిగి వెనక్కి సర్దుకుంది. అలా ఉంటే సరి. పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, వెంటనే పడిపోతే లీన్.

సెప్టెంబరు 21

కోటప్పకొండ. తెనాలి నుంచి గుంటూరు, నరసరావుపేట మీదుగా. నాతో భాయ్ కూడా వచ్చాడు. "నా తుక్కు ఎక్కుద్దో లేదో చూడాలి కదా" అన్నాడు. ఘాట్ రోడ్డు మొదట్లోనే మూడో గేరు నుంచి రెండుకి దించాను, అది ఏ అంబాసిడర్‌కైనా తప్పదు. కానీ దగ్గు లేదు, గుంజుళ్లు లేవు. మలుపుల్లో ఎక్సిలేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు డ్యాంపర్ ఆయిల్ పిస్టన్‌ని ఒక్క క్షణం ఆపుతుంది, ఆ క్షణంలో పెట్రోలు కాస్త చిక్కబడి పికప్ ఇస్తుంది. పాదం కింద అది తెలుస్తోంది.

పైన పార్కింగ్‌లో ప్లగ్గులు విప్పాం. మొదటి మూడూ బిస్కెట్ రంగు, నాలుగోది కొంచెం ముదురు. ఈ ఇంజనులో ఒకటీ రెండూ సిలిండర్లకి కలిపి ఒక గాలి దారి, మూడూ నాలుగుకి కలిపి ఇంకొకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి మూడు పీల్చగానే నాలుగు పీలుస్తుంది, ముందువాడు కదిలించిన ధార వెనకవాడికి ఎక్కువ అందుతుంది. అలాగైతే రెండు తర్వాత పీల్చే ఒకటి కూడా ముదురుగా ఉండాలి, అది లేదు. భాయ్ ప్లగ్గుని వేళ్ల మధ్య తిప్పి, "ఇది ఆయిల్ మాస్టారూ, వాల్వ్ సీలు. కార్బొరేటర్‌ని వదిలెయ్యండి ఇక" అన్నాడు.

రానూపోనూ లీటరుకి పదిన్నర.

అక్టోబరు 2, దసరా

పొద్దున్నే బండి కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. తొక్కించే పని ఎప్పుడూ నాన్నదే. నాలుగు నెలల తర్వాత మొదటిసారి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. తాళం తిప్పే ముందు అలవాటుగా ఎక్సిలేటర్ రెండుసార్లు బలంగా తొక్కారు. సోలెక్స్‌కి అలా తొక్కితే లోపల పంపు పెట్రోలు చిమ్ముతుంది. ఎస్.యూ.కి ఆ పంపే లేదు.

"ఎన్నిసార్లు తొక్కినా ఏం రాదు నాన్నా దీనికి. చోక్ లాగి తాళం తిప్పండి చాలు."

"నాకు తెలీదేంట్రా" అని ఇంకో రెండుసార్లు తొక్కి, చోక్ లాగి, తాళం తిప్పారు. స్టార్ట్ అయింది. నిమ్మకాయలు చితికాయి. "చూశావా" అన్నారు.